మమ్మల్ని చూసే కళ్లు పెరిగాయి, మేము చూసే కన్ను పోయింది: తెలుగు ఎంపీలు అరవై మందికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన పార్లమెంటు సభ్యులకు,

నమస్కారం.

ఆంధ్రప్రదేశ్ నుంచి లోక్‌సభకు 25, రాజ్యసభకు 11. తెలంగాణ నుంచి లోక్‌సభకు 17, రాజ్యసభకు 7. కూడితే అరవై. ఈ ఉత్తరం మీ అరవై మందికీ. పార్టీ చూసి రాయడం లేదు. నేను చెప్పబోయేది డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం గురించి. సమాచార హక్కుకు గండికొట్టిన ఆ చట్టం 2023 ఆగస్టులో పాసైంది. అప్పటికి మీలో చాలామంది సభలోనే లేరు. ఉన్నవాళ్లలో ఎవరు అవునన్నారో, ఎవరు కాదన్నారో చెప్పే కాగితం కూడా లేదు. రెండు సభల్లోనూ పేర్లు రాసుకోకుండా నోటితో అనిపించే మూజువాణి ఓటే.

బహిరంగంగా రాయడం మాకు సరదా కాదు. మా నియోజకవర్గం ఎంపీ గారికి మూడు ఉత్తరాలు పంపాం. రెండు స్పీడ్ పోస్టులో, ఒకటి ఆయన ఆఫీసులో స్వయంగా ఇచ్చి నకలు మీద స్టాంపు వేయించుకున్నాం. అందినట్టు సంతకాలున్నాయి, జవాబులు లేవు. ఆయన ఒక్కరినే తప్పుపట్టి లాభం లేదని తర్వాత తోచింది. విషయం అరవై మందిదీ.

నేను లెక్కలు చెప్పి రిటైరైన హైస్కూలు మాస్టర్ని. 2009 నుంచి మా మండలంలో ఎవరడిగితే వాళ్లకి సమాచార హక్కు దరఖాస్తులు రాసిపెడుతున్నాను. సంఘం లేదు, బోర్డు లేదు. మా ఇంటి అరుగు, ఒక చాప, కార్బన్ పేపరు. ఈ మధ్య మనవడు ఫోన్లో టైపు చేసిపెడుతున్నాడు. ఈ ఉత్తరం కింద నాతోపాటు వేలిముద్రలు వేసినవాళ్లూ, సంతకాలు చేసినవాళ్లూ అందరూ ఆ అరుగు మీద కూర్చున్నవాళ్లే.

అసలు సంగతి ఇది.

సంక్రాంతికి ముందు ఒకామె వచ్చింది. భర్త పోయి రెండేళ్లు. పింఛను జాబితాలో పేరు ఎక్కింది, నాలుగు నెలలు డబ్బు అందింది, తర్వాత పేరు ఎగిరిపోయింది. "మాస్టారూ, మేడలున్నోళ్లకి ఒకటో తారీఖు పొద్దున్నే నాలుగేలు ఇంటికొచ్చి ఇస్తన్నారు. నాదెందుకు తీసేశారో అడిగిపెట్టండి" అంది. ఆమె పేరుతోనే దరఖాస్తు రాశాను. గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండల స్థాయిలో ఐదు రూపాయలు. ఐదు రూపాయలు కట్టి మూడు అడిగాం. మా ఊళ్లో పింఛను తీసుకుంటున్నవాళ్ల పేర్లు, ఎవరు ఏ కేటగిరీలో తీసుకుంటున్నారు, ఈమె పేరు తొలగిస్తూ రాసిన నోటు.

చట్టం ఇచ్చిన గడువు ముప్ఫై రోజులు. ఇరవై తొమ్మిదో రోజున జవాబొచ్చింది, ఒకే వాక్యం. కోరినది వ్యక్తిగత సమాచారానికి సంబంధించినది కనుక సమాచార హక్కు చట్టం సెక్షన్ 8(1)(జె) కింద ఇవ్వడానికి వీలులేదు. మొదటి రెండు ప్రశ్నలకీ అదే, మూడోదానికీ అదే. అంటే తన పేరు ఎందుకు కొట్టేశారన్నది కూడా వ్యక్తిగతమే. ఎవరి వ్యక్తిగతం? ఆమెదే. అడిగింది ఎవరు? ఆమే!

ఆ అధికారిని నేను తిట్టను. పాతికేళ్ల కుర్రాడు, పరీక్ష రాసి వచ్చినవాడు, మర్యాదస్తుడు. "నేనేం చేయనండీ, చట్టం మారిపోయింది కదా" అన్నాడు. నిజమే, చట్టం మారింది. మార్చింది మీ సభ.

2005 నాటి సమాచార హక్కు చట్టంలో ఈ క్లాజుకి మూడు జల్లెడలుండేవి. అడిగిన వ్యక్తిగత సమాచారానికి ప్రజా కార్యకలాపంతో గాని ప్రజాప్రయోజనంతో గాని సంబంధం లేకపోతే ఇవ్వనక్కర్లేదు. ఇస్తే ఒకరి ఏకాంతంలోకి (ప్రైవసీలోకి) అన్యాయంగా చొరబడినట్టయితే ఇవ్వనక్కర్లేదు. ఇవన్నీ ఉన్నా, విశాల ప్రజాప్రయోజనం ఉందని అధికారికి తోస్తే ఇవ్వాలి. అంటే కాదనే ముందు అధికారి ఆలోచించాలి, కారణం రాయాలి, అప్పీల్లో ఆ కారణాన్ని నిలబెట్టుకోవాలి. డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, 2023 తన 44(3) సెక్షన్‌తో ఈ మూడు జల్లెడల్నీ తీసి అవతల పారేసింది. ఇప్పుడు ఆ క్లాజులో మిగిలింది నాలుగే మాటలు: "వ్యక్తిగత సమాచారానికి సంబంధించిన సమాచారం". 2025 నవంబరు 14 నుంచి ఇది అమల్లో ఉంది.

గమనించండి, అదే డేటా చట్టంలో ప్రజల సమాచారాన్ని కంపెనీల నుంచి కాపాడే ముఖ్యమైన నిబంధనలకు మాత్రం పద్దెనిమిది నెలల గడువిచ్చారు. కాపాడేదానికి గడువు, మూసేదానికి తక్షణం.

ఇంకొకటి కూడా పోయింది. మీరు అరవై మందీ ప్రత్యేకంగా వినాల్సింది ఇదే. పాత క్లాజు కింద ఒక షరతు ఉండేది. పార్లమెంటుకు గాని రాష్ట్ర శాసనసభకు గాని నిరాకరించలేని సమాచారాన్ని ఏ వ్యక్తికీ నిరాకరించరాదు అని. బడిలో పాఠం చెప్పినట్టు ఈ వాక్యాన్ని ఎన్నిసార్లు చదివి వినిపించానో నాకే లెక్క లేదు. "అంటే మాస్టారూ, ఎంపీ గారు అడిగితే ఏం చెప్తారో నాకూ అదే చెప్పాలా?" అని ఒక గొర్రెల కాపరి అడిగాడు. అవునన్నాను. అతను నవ్వి తువ్వాలు దులుపుకుని లేచాడు. ఈ దేశంలో అతన్నీ మిమ్మల్నీ ఒకే బెంచీ మీద కూర్చోబెట్టిన వాక్యం అది. కొత్త క్లాజు వచ్చి కూర్చున్నప్పుడు ఆ వాక్యం కూడా కొట్టుకుపోయింది. మీకు అడిగే హక్కు ఉంది, మాకు లేదు.

పోనీ, ఏకాంతాన్ని కాపాడాలనే ఈ మార్పు చేశారనుకుందాం. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో ఏకాంతం ప్రాథమిక హక్కే అని చెప్పింది. మేమూ సంతోషించాం. కాని ఆ హక్కు ముఖ్యంగా ఎవరి నుంచి? ప్రభుత్వం నుంచి. ఆ కేసులో ఎదురుగా నిలబడింది ప్రభుత్వమే. ఇప్పుడదే హక్కును ప్రభుత్వం తన ఫైళ్ల మీద దుప్పటిలా కప్పుకుంది. మా మీద మాత్రం కప్పలేదు. గడచిన నాలుగైదేళ్లలో వచ్చినవి వరసగా చూడండి.

2022లో నేరవిచారణ గుర్తింపు చట్టం వచ్చింది. 1920 నాటి ఖైదీల గుర్తింపు చట్టం స్థానంలో తెచ్చారు. వేలిముద్రలు, కనుపాప, రెటీనా స్కాన్లు, చేతిరాత, సంతకం వంటి వాటి రికార్డులను 75 ఏళ్లు దాచవచ్చు. 2023 డిసెంబరులో టెలికం చట్టం వచ్చింది. సందేశాలను అడ్డగించి వినే అధికారం, సేవలు ఆపే అధికారం అందులో ఉన్నాయి. విన్నది న్యాయమో కాదో చూసే సమీక్ష కమిటీలో కార్యదర్శులే ఉంటారు, ఒక్క న్యాయమూర్తి కూడా లేరు. అదే డేటా చట్టంలోని 17(2) ప్రకారం దేశ భద్రత, ప్రజాశాంతి వంటి కారణాలు చెప్పి కేంద్రం తన సంస్థలను చట్టం నుంచే మినహాయించుకోవచ్చు. 36వ సెక్షన్ ప్రకారం ఏ కంపెనీ నుంచైనా సమాచారం రప్పించుకోవచ్చు. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యేలా తెచ్చిన కొత్త ఆదాయపు పన్ను చట్టంలో సోదా చేసే అధికారి పాస్‌వర్డును దాటుకుని మనిషి ఈమెయిళ్లలోకి, సోషల్ మీడియా ఖాతాల్లోకి వెళ్లే వీలుంది.

ఒక్కొక్కదానికీ ఒక్కో సమర్థన ఉంటుంది. దొంగల్ని పట్టుకోవద్దా, పన్ను ఎగ్గొట్టేవాళ్లని వదిలేయాలా అంటారు. పట్టుకోండి. కాని మా ఇంటి కిటికీలన్నీ తెరిపిస్తున్న రోజుల్లోనే మీ ఆఫీసు తలుపుకు గొళ్లెం ఎందుకు వేశారన్నది మా ప్రశ్న.

దీనివల్ల మామూలు మనుషులకు ఏమవుతుందో, నా అరుగు మీద నుంచి కనబడినంత వరకు రాస్తున్నాను.

1. ఉపాధి పని. 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకం మొదలైంది మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలో. ఆ పథకానికి సామాజిక తనిఖీని పద్ధతిగా నిలబెట్టి దేశానికి చూపించింది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్. తనిఖీ అంటే ఏమిటి? కూలీల హాజరు రాసిన మస్టరు కాగితం పట్టుకుని ఇంటింటికీ వెళ్లి, "ఈ వారం ఆరు రోజులు చేసినట్టుంది, చేశావా?" అని అడగడం. తర్వాత గ్రామసభలో పేరు పేరునా చదవడం. 2011లో మా ఊరి మస్టర్ల నకళ్లు దరఖాస్తు పెట్టి తీసుకున్నాం. రెండేళ్ల ముందే చనిపోయిన మనిషి చెరువులో పూడిక తీసినట్టు, కూలి తీసుకున్నట్టు వేలిముద్ర ఉంది. ఆయన కొడుకు ఆ కాగితం పట్టుకుని అరుగు మీదే ఏడ్చాడు. డబ్బు పోయినందుకు కాదు, నాన్న వేలు ఎవడో వాడుకున్నందుకు. ఆ మస్టరులో ఉన్నవి పేరు, జాబ్ కార్డు నంబరు, పనిదినాలు, కూలి, అన్నీ వ్యక్తిగత సమాచారమే. పేర్లు తీసేసి ఇస్తామంటారు. పేర్లు లేని మస్టరుతో చనిపోయినవాణ్ణి ఎలా కనిపెట్టాలి? (ఇరవై ఏళ్ల ఆ ఉపాధి చట్టం స్థానంలో 2025 డిసెంబరులో వేరే చట్టమే తెచ్చారు. దాని గురించి రాయాలంటే ఇంకో ఉత్తరం కావాలి.)

2. పింఛను, రేషను, ఇళ్ల స్థలాలు. వీటిలో అన్యాయం ఎప్పుడూ పోల్చిచూస్తేనే బయటపడుతుంది. నాకు రాలేదన్నది ఫిర్యాదు. నాకు రాక, మూడంతస్తుల మేడవాడికి వచ్చిందన్నది రుజువు. ఆ రుజువు ఇప్పుడు ఇంకొకరి వ్యక్తిగత సమాచారం.

3. భూమి. తెలంగాణలో భూ రికార్డుల పోర్టల్ ధరణి వచ్చాక ఒకరి పొలం ఇంకొకరి పేరు మీదికి పోయిందని ఎంతమంది తిరిగారో మీకు చెప్పనక్కర్లేదు. 2025లో దాని స్థానంలో భూ భారతి తేవాల్సి వచ్చింది అందుకే. ఆంధ్రలో భూ హక్కుల చట్టం మీద లాయర్లు కోర్టులు బహిష్కరించి రోడ్డెక్కారు. ఇటువంటి తగాదాల్లో పేదవాడి చేతిలో ఉండే ఆయుధం ఏ పొలం ఎవరి సాగులో ఉందో రాసే పాత అడంగల్ నకలు, పట్టాలో పేరు మార్చిన మ్యుటేషన్ ఫైలు, తహసీల్దారు రాసిన ఉత్తర్వు. ప్రతి ఫైల్లోనూ ఎవరో ఒకరి పేరు ఉంటుంది. పేరు లేని పొలం కాగితం ఈ భూమ్మీద లేదు.

4. పనులు చేయని ఉద్యోగి, నాసిరకం రోడ్డు వేసిన కాంట్రాక్టరు. పని కొలతలు రాసే ఎం-బుక్ మీద సంతకం ఎవరిది, బిల్లు పాస్ చేసింది ఎవరు, విచారణ నివేదికలో తేలినది ఏమిటి? ఉద్యోగుల ఆస్తులు, వాళ్ల మీద చర్యల వివరాలు వ్యక్తిగతమేనని 2012లోనే సుప్రీంకోర్టు ఒక కేసులో అంది. అయినా అప్పట్లో ప్రజాప్రయోజనం చూపించి గెలిచే దారి ఆ క్లాజులోనే ఉండేది. ఇప్పుడు ఆ దారి మూసేశారు.

5. విలేకరులు. మండల విలేకరికి పత్రిక ఇచ్చేది ఏమీ ఉండదు, అది మీకూ తెలుసు. అతను ఒక అక్రమ లబ్ధిదారుల జాబితా అచ్చువేస్తే అందులోని పేర్లు వ్యక్తిగత డేటానే. డేటా బిల్లు పాత ముసాయిదాల్లో పాత్రికేయ వృత్తికి మినహాయింపు ఉండేది. 2023 చట్టంలో లేదు. జరిమానాలు మాత్రం 250 కోట్ల దాకా ఉన్నాయి. ఆ అంకె పల్లెటూరి విలేకరి దాకా రాదని మీరనవచ్చు. రానక్కర్లేదు. లాయరు నోటీసు ఒకటి వస్తే చాలు, మర్నాటి నుంచి పూలదండల వార్తలే రాస్తాడు.

6. నష్టపరిహారం. రేపు ఏ ఆస్పత్రి నుంచో, యాప్ నుంచో మా వివరాలు బయటపడితే ఆ కంపెనీ కట్టే జరిమానా ప్రభుత్వ ఖజానాకు పోతుంది. నష్టపోయిన మనిషి పరిహారం అడిగే వీలున్న పాత ఐటీ చట్టంలోని 43ఎ సెక్షన్ తొలగింపు కూడా ఈ చట్టంలోనే రాసేశారు. తప్పుడు ఫిర్యాదు ఇస్తే పదివేల దాకా జరిమానా మాత్రం మాకు ఉంది. ఫిర్యాదు వినే డేటా బోర్డు సభ్యులను నియమించేది కేంద్రమే, పదవీకాలం రెండేళ్లు. మళ్లీ నియమించే చేయి కూడా అదే. రెండేళ్లకోసారి పొడిగింపు అడగాల్సిన మనిషి కేంద్ర ప్రభుత్వ శాఖకు జరిమానా వేస్తాడని నమ్మమంటే ఎలా?

7. అప్పీలు. వెళ్లండి కమిషన్‌కి అంటారు. తెలంగాణ సమాచార కమిషన్‌లో 2023 ఫిబ్రవరి నుంచి 2025 మే దాకా కమిషనర్లే లేరు. కమిషనర్ల పదవీకాలాన్ని, జీతాన్ని చట్టంలోంచి తీసి కేంద్రం చేతిలో పెట్టింది 2019 సవరణ. ఐదేళ్లు ఉన్నది మూడేళ్లయింది.

ఇక ప్రభుత్వం చెప్పే జవాబు. దాన్నీ నిజాయితీగానే చూద్దాం. సెక్షన్ 8(2) ఇంకా ఉంది కదా, ప్రజాప్రయోజనం ఎక్కువైతే ఇవ్వవచ్చు కదా అంటారు. ఉంది. అందులో మాట "ఇవ్వవచ్చు". "ఇవ్వాలి" కాదు. ఇంతకుముందు కాదనే అధికారి కారణం చూపించాలి. ఇప్పుడు కావాలనే మనిషి ప్రజాప్రయోజనాన్ని రుజువు చేయాలి. ఫైలు చూడకుండానే ఫైల్లో ఏముందో చెప్పి, అది జనానికి ఎందుకు అవసరమో వాదించాలి. ఐదు రూపాయల ఫీజు కూడబెట్టుకుని వచ్చిన ముసలమ్మ చేత ఈ వాదన చేయిస్తారా?

వేరే చట్టాల ప్రకారం బయటపెట్టాల్సిన సమాచారానికి అడ్డంకి లేదు, డేటా చట్టంలోని మూడో సెక్షన్ చూడండి అని కూడా అంటారు. అయ్యా, గోడ మీద అంటించాల్సినవన్నీ అంటించి ఉంటే నా దగ్గరికి ఎవరూ రారు. సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ అడక్కుండానే పెట్టమని పదిహేడు అంశాలు చెప్పింది. ఇరవై ఏళ్లయింది. మా మండలంలో ఆ పదిహేడూ పెట్టిన ఆఫీసు నేను చూడలేదు.

దరఖాస్తులు పెట్టి అధికారుల్ని బెదిరించి డబ్బు గుంజేవాళ్లు లేరా? ఉన్నారు. నా పేరు చెప్పి ఒకడు ఆ పని చేశాడు కూడా, తలదించుకున్నాను. ఆడపిల్లల చిరునామాలు, జబ్బుల వివరాలు అడిగే నీచులూ ఉన్నారు. వాళ్లని ఆపడానికి పాత క్లాజు సరిపోయింది. అటువంటి దరఖాస్తుల్ని కమిషన్లు దానితోనే కొట్టేసేవి. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోరు కదా. ఏకాంతం గురించి ముందుగా ఆలోచించిన జస్టిస్ ఏపీ షా నిపుణుల బృందం కూడా 2012లో, సమాచార హక్కు కింద ఇచ్చే సమాచారాన్ని ఏకాంత భంగంగా చూడకూడదనే చెప్పింది.

పాసైన తీరు కూడా చెప్పాలి, మా కోపంలో సగం అక్కడే ఉంది. డేటా బిల్లును 2023 ఆగస్టు 3న లోక్‌సభలో పెట్టారు. మణిపుర్ మీద సభ అట్టుడుకుతుంటే 7న పాసైంది. 9న రాజ్యసభలో ప్రతిపక్షం బయటికి వెళ్లాక పాసైంది. 11న రాష్ట్రపతి ఆమోదం వచ్చింది. తొమ్మిది రోజులు. మా ఊళ్లో రేషన్ కార్డులో తప్పు పడిన పేరు దిద్దించడానికి ఇంతకంటే ఎక్కువ పడుతుంది. నూట నలభై కోట్ల మందికి సంబంధించిన బిల్లుని ఆ తొమ్మిది రోజుల్లో పరిశీలన కోసం ఎంపీల కమిటీ అయిన ఏ స్థాయీ సంఘానికీ పంపలేదు. ఆ డిసెంబరులోనూ అదే తొందర. ఐపీసీ, సీఆర్‌పీసీ, సాక్ష్య చట్టం మూడింటినీ మార్చిన బిల్లులు, టెలికం బిల్లు డిసెంబరు 20, 21 తేదీల్లో సభలు దాటాయి. ఆ సమావేశాల్లో మొత్తం 146 మంది ఎంపీలను సస్పెండ్ చేశారు. పదిహేను రోజుల పోలీసు కస్టడీని తొలి నలభై, అరవై రోజుల్లో విడతలుగా తీసుకునే వీలు కల్పించిన మార్పు గురించి జనానికి తెలిసేసరికి అది చట్టమైపోయింది. పదిహేనో లోక్‌సభలో నూటికి 71 బిల్లులు కమిటీలకు వెళ్లాయి, పదిహేడో లోక్‌సభలో 16. ఈ రెండు అంకెల మధ్య తేడా మా పిల్లలక్కూడా అర్థమవుతుంది.

చట్టం అయిపోయింది కదా, ఇక చేసేదేముంది అనకండి. మూడు సాగు చట్టాలు 2020 సెప్టెంబరులో వచ్చాయి, 2021 నవంబరులో అదే పార్లమెంటు రద్దు చేసింది. ఆంధ్రలో భూ హక్కుల చట్టం 2023 అక్టోబరు 31న అమల్లోకి వచ్చి 2024లో పోయింది. రోడ్ల మీద సభలు పెట్టకుండా ఇచ్చిన ఒకటో నంబరు జీవోని 2023 మేలో హైకోర్టు కొట్టేసింది. ఇచ్చినవాళ్ల పేరు బయటపడకుండా పార్టీలకు విరాళాలిచ్చే ఎన్నికల బాండ్లను 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు రద్దు చేసింది, ఓటరుకు తెలుసుకునే హక్కు ఉందన్న మాట మీదే. వెనక్కి తీసుకున్నందుకు ఎవరి తలా తెగిపడలేదు.

అందుచేత మేము అడుగుతున్నవి ఇవి. గాలిలో మాటలు కాకుండా, ఒక ఎంపీ ఒక సమావేశంలో చేయగలిగినవే రాశాం.

1. సెక్షన్ 44(3) రద్దు చేసి పాత 8(1)(జె) క్లాజును, దాని కింది షరతుతో సహా, తిరిగి పెట్టాలి. శుక్రవారం మధ్యాహ్నాలు ప్రైవేటు సభ్యుల బిల్లులకు సమయం ఉంటుంది. ఒక పేజీ బిల్లు చాలు. మీలో ఒకరు పెట్టండి, మిగతావాళ్లు నిలబడండి. పాస్ కాకపోయినా ఎవరు ఎటు ఉన్నారో రికార్డులో ఉంటుంది. మూజువాణి వద్దు, ఎవరి ఓటు ఎటో నమోదయ్యే డివిజన్ అడగండి.

2. ఈలోగా ఒక ప్రశ్న వేయండి. 2025 నవంబరు 14 తర్వాత కేంద్ర కార్యాలయాల్లో 8(1)(జె) కింద తిరస్కరించిన దరఖాస్తులు ఎన్ని, అంతకుముందు అదే వ్యవధిలో ఎన్ని? మీరడిగితే చెప్పక తప్పదు.

3. ఉపాధి మస్టర్లు, పింఛను, రేషను, ఇళ్ల లబ్ధిదారుల జాబితాలు, పనుల ఎం-బుక్కులు, బిల్లులు వ్యక్తిగత సమాచారం కిందికి రావని స్పష్టంగా రాతపూర్వక ఆదేశం ఇప్పించాలి. ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా, ఫోను నంబరు, జబ్బు వివరాలు కొట్టేసి ఇవ్వండి. మాకూ అవి అక్కర్లేదు.

4. ఫోను వినే ఉత్తర్వుల్ని సమీక్షించే కమిటీలో న్యాయమూర్తి ఉండాలి. 1996లో సుప్రీంకోర్టు చెప్పాకే ఈ సమీక్ష కమిటీ అనేది వచ్చింది. ముప్ఫై ఏళ్లయినా ఉత్తర్వు ఇచ్చేదీ అధికారులే, తప్పో ఒప్పో చెప్పేదీ అధికారులే. ఫోన్ల ట్యాపింగ్ ఆరోపణల కేసుతో అట్టుడికిన తెలంగాణ నుంచి వెళ్లిన సభ్యులకు ఇది వేరే చెప్పాలా? ఆ కేసులో నిజానిజాలు కోర్టు తేలుస్తుంది. పద్ధతి మార్చాల్సింది మీరు.

5. డేటా చట్టం కింద కేంద్రం తన సంస్థల్లో వేటిని మినహాయిస్తుందో, ఎందుకో కారణాలతో పార్లమెంటు ముందు పెట్టాలి, చర్చ జరగాలి.

6. బిల్లు పెట్టే ముందు ముసాయిదాను కనీసం ముప్ఫై రోజులు ప్రజల ముందు ఉంచాలని 2014లో కేంద్రమే ఒక విధానం చేసుకుంది. అది విధానంగానే ఉండిపోయింది. దాన్ని చట్టం చేయాలి. ముసాయిదా తెలుగులోనూ ఉండాలి. డేటా చట్టం ప్రకారం కంపెనీలు ఇచ్చే నోటీసు ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో చదువుకునే వీలుండాలట. కంపెనీకి పెట్టిన నియమం ప్రభుత్వానికి ఎందుకు ఉండకూడదు?

7. సమాచార కమిషన్లలో ఖాళీ పడ్డ రోజు నుంచి తొంభై రోజుల్లో భర్తీ చేయాలి. ఇది మీ రాష్ట్ర ప్రభుత్వాలతో మాట్లాడితే అయ్యే పని.

వచ్చే పార్లమెంటు సమావేశాలు మొదలయ్యే రోజు దాకా చూస్తాం. మొదటి అంశం మీద మీ జవాబు "అవును" అయినా, "కాదు" అయినా రాయండి. పోస్టుకార్డు చాలు. "కాదు" అంటే కారణం కూడా రాయండి, చదివి వినిపిస్తాం. పింఛను పోయిన ఆమె మొదటి అప్పీలు వేసింది. గడువు ముప్ఫై రోజులు, మించితే నలభై అయిదు. అది తిరస్కరిస్తే రెండో అప్పీలుకు కమిషన్‌కి వెళ్తుంది. చార్జీలకు చందా వేసుకున్నాం.

మా పంచాయతీ నోటీసు బోర్డు మీద ఒక పట్టిక గీస్తున్నాం. ఒక వరసలో మీ అరవై పేర్లు, పక్కన మూడు గళ్లు: అవును, కాదు, జవాబు లేదు. సమావేశాలు మొదలైన రోజు పొద్దున అది నింపుతాం. ఆ పట్టికలో మీ పేరు పక్కన ఉండేది వ్యక్తిగత సమాచారమని మాత్రం దయచేసి అనకండి.

ఇట్లు,
దరఖాస్తులు రాసిపెట్టే ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు,
అరుగు మీది తోటివాళ్లు